పోయిన ఏడాది ఊసెత్తని ఉగాది కవిత

ఉగాది కవిత మీద విమర్శ రాయడమంటే పెళ్ళి విందులో కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పడం లాంటిది. అడిగినవాళ్ళు లేరు, చెబితే మెచ్చేవాళ్ళూ వుండరు. పండగపూట నాలుగు మంచి మాటలు చదివారు, విని చప్పట్లు కొట్టి పచ్చడి తిని ఇంటికి పోక ఈ గొడవెందుకంటారు. అయినా రాస్తున్నాను. తెలుగు రాష్ట్రాలకు బయట వున్న మన ఊళ్ళలో తెలుగు కవిత్వం నలుగురి ముందూ వినిపించే రోజు చాలాచోట్ల ఏడాదికి ఆ ఒక్కటే. ఆ పూట చదివిందే తెలుగు కవిత్వమని మన పిల్లలనుకుంటారు. ముందు వరుసలో అతిథిగా కూర్చున్న పొరుగు భాష ఆయన కూడా అదే అనుకుని పోతాడు. కాబట్టి దాన్ని పండగ సరుకు కింద వదిలేయడానికి లేదు.

ఆ కవిత ఎలా వుంటుందో ఈ పత్రిక చదివేవారికి వేరే వర్ణించి చెప్పనక్కర్లేదు. మామిడి చివురు తిన్న కోయిల ఒకటి కూస్తుంది. వేపపువ్వు, బెల్లం, చింతపండు వగైరా ఆరు రుచులూ జీవితానికి పోలికగా వస్తాయి. చివర అందరికీ శుభం. వీటన్నిటి మీదా సంవత్సరం పేరుతో ఒక శ్లేష. 2023లో శోభకృత్ వచ్చింది, శోభ దొరికింది. 2024లో క్రోధి వస్తే ఆ క్రోధమేదో అన్యాయం మీద చూపమని సంవత్సరాన్ని బతిమాలుకున్నాం. 2025లో విశ్వావసు అన్నారు. అది ఒక గంధర్వుడి పేరని ఎంతమందికి తట్టిందో గాని విశ్వమంతా వెలగాలని మాత్రం అందరూ కోరారు. 2026 మార్చి 19 ఉగాది పేరు పరాభవ. ఆ పేరుతో కవికి వచ్చే కష్టం ఊహించుకోవచ్చు. పరాభవం మనకు కాదు, పేదరికానికి, కుళ్ళుకి, కుట్రలకి అనక తప్పదు. పేరు మంచిదైతే దాన్నే దీవెన చేయడం, చెడ్డదైతే తిరగేసి దీవెన చేయడం. పేర్లు అరవై వున్నా కవిత ఒక్కటే.

దీనికి కారణం కవులకు శక్తి లేకపోవడమని నేననుకోను. మామూలు రోజుల్లో చక్కగా రాసేవాళ్ళే ఆ రోజు ఇలా రాస్తారు. లోపం కవిత నిలబడే చోటులో వుంది. ఉగాది కవిత పంచాంగ శ్రవణం పక్కన పుట్టింది, దాని పద్ధతే నేర్చుకుంది. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని పంచాంగం రాబోయేదాన్నే చెబుతుంది. సిద్ధాంతిగారి పని అది, అందులో తప్పు లేదు. కవి కూడా ఆ వరుసలోనే కూర్చుని ముందుకే చూస్తానంటే మాత్రం వెనక్కి చూసేవాడెవడు? ఉగాదికి ఇంకో ముఖం వుండేది. షాపుకారు పాత చిట్టా మూసి కొత్తది తెరిచేవాడు. చాలా పల్లెల్లో పాలేరు జీతం ఉగాది నుంచి ఉగాదికి మాట్లాడుకునేవారు. ఆ పూట ఎవరు ఎవరికి ఎంత బాకీయో బయటపడేది. ఆ లెక్క చూసుకోవడం కవితలోకి రాలేదు. దీవెన ఒక్కటే వచ్చింది.

ఇంతకీ సంవత్సరం పేరుకు అర్థం ఎక్కడ వుంటుంది? నిఘంటువులో వుందని మన కవులు నమ్ముతున్నట్టున్నారు. జనం ఆ పేర్లను ఎలా వాడుకున్నారో చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. నందనం ఇంద్రుడి తోట, సంతోషాన్నిచ్చేదని దాని అర్థం. 1832-33 నాటి నందనలో గుంటూరు సీమలో పడిన కరువుకి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జనం మద్రాసు దారి పట్టి దారిలోనే రాలిపోయారు. దాన్ని నందన కరువు అన్నారు. ధాత అంటే బ్రహ్మ, పోషించేవాడు. 1876-77 ధాతలో మొదలై రెండేళ్ళు సాగిన కరువు మద్రాసు రాజధానిని, మైసూరును, హైదరాబాదు రాజ్యాన్ని, బొంబాయి దక్కనును కలిపి తొక్కేసింది. బళ్ళారి అందులో వుంది, షోలాపూరు వుంది. మన వాళ్ళు దాన్ని ధాత కరువు అంటే తమిళులు తాదు వరుషప్పంజం అన్నారు. భాషలు రెండైనా పేరొక్కటే, ఎందుకంటే ఆకలి ఒక్కటే. పోషించేవాడి పేరున్న ఏడాది ఆకలికి గుర్తుగా మిగిలిపోయింది. ఇందులో శ్లేష ఎవరూ చేయలేదు. ఆ అవసరం లేకపోయింది.

బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళకు ఇలాంటి మాట ఇంకొకటి తెలుసు. 1866లో ఒరిస్సాను ఊడ్చేసిన కరువుని అక్కడ నఅంక దుర్భిక్షం అంటారు. పూరీ గజపతి రాజు పాలన లెక్కలో అది తొమ్మిదో అంకం. ఆ తొమ్మిదికి ఏ అర్థమూ లేదు, వట్టి సంఖ్య. ఒడియావాడి నోట ఆ మాట ఇప్పటికీ వట్టి సంఖ్యలా వినిపించదు.

ఏడాదికి పేరు ముందు పెడతారు, అర్థం మాత్రం ఏడాది గడిచాకే వస్తుంది. అదైనా ఒక్కడి వల్ల రాదు. నలుగురూ ఒక్కటిగా దేన్ని అనుభవించారో అదే ఆ పేరులో కూర్చుంటుంది. మన ఉగాది కవిత ఈ వరుసను తలకిందులు చేసింది. అర్థం ముందే చెప్పేసి ఏడాదిని ఆ ప్రకారం నడవమంటుంది. ఏడాది వినదు, మర్నాటికి కవితా గుర్తుండదు.

ఇంతవరకు చెప్పింది హైదరాబాదు, విజయవాడ కవులకూ వర్తిస్తుంది. మన సంగతికొస్తే ఇంకో చిక్కు వుంది. మనకు ఏడాది ఎప్పుడు అయిపోతుంది?

తమిళనాడులో వున్నవాళ్ళకు ఇది గడుసు ప్రశ్నేమీ కాదు, ఇంట్లో ఎదురయ్యేదే. మనది చాంద్రమానం, వాళ్ళది సౌరమానం. అరవై పేర్లు ఇద్దరికీ అవే, వరుస కూడా అదే. మన క్రోధి, వాళ్ళ కురోది ఒక్కటే సంవత్సరం. మొదలయ్యే రోజే వేరు. వాళ్ళ వరుషప్పిరప్పు ఏప్రిల్ 14 ప్రాంతంలో కదలకుండా వుంటుంది. మన ఉగాది ఏడాదికి పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరిగి అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ ముందుకొస్తుంది. 2023లో మార్చి 22న వచ్చింది, మధ్య ఇరవైమూడు రోజులు. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, అయిదే రోజులు. 2025లో మార్చి 30, పదిహేను రోజులు. 2026లో ఇరవైయారు. ఆ రోజుల్లో గడప లోపల కొత్త సంవత్సరం, గడప బయట పాతది. మనం వేపపువ్వు పచ్చడి తిన్నామని పక్కింటావిడకు చెబితే అప్పుడేనా అంటుంది. ఆవిడ వేపపువ్వు వేసి మామిడికాయ పచ్చడి చేసి తెచ్చేసరికి మనది పాతబడి వుంటుంది. సరుకులు దాదాపు అవే, బెల్లమూ అదే.

దీనికి తోడు 2008లో తమిళనాడు ప్రభుత్వం తమిళ సంవత్సరాదిని తై నెల ఒకటికి, అంటే సంక్రాంతి నాటికి, చట్టం చేసి మార్చింది. 2011లో తరువాతి ప్రభుత్వం ఆ చట్టాన్ని తీసేసింది. ఆ మూడేళ్ళూ అక్కడి తెలుగింటికి ఏడాది మూడుసార్లు అయిపోయిందనుకోవాలి: సర్కారుకోసారి, ఇంటికోసారి, వీధికోసారి.

ఒరిస్సాలో కూడా వీధి ఏడాది మేష సంక్రాంతికే మారుతుంది. ఆ రోజు మారేడు గుజ్జుతో పణా చేసి తాగుతారు. గంజాం జిల్లాలో దానికి ముందు పదమూడు రోజులో, ఇరవైయొక్క రోజులో దండనాట భక్తులు వ్రతం పట్టి ఊరూరా ఆడుతూ తిరిగి ఆ సంక్రాంతితో ముగిస్తారు. చాలా ఏళ్ళలో మన ఉగాది సరిగ్గా ఆ వ్రతం మధ్యలో పడుతుంది. ఇంట్లో కోయిల కవిత చదువుతుంటే వీధిలో నిప్పులాంటి ఎండలో దండువాలు దొర్లుతుంటారన్నమాట. కర్ణాటకలో, మహారాష్ట్రలో ఈ తేడా లేదు, రోజు ఒక్కటే. అక్కడ తేడా వేరేచోట వుంది. పాత మైసూరు ప్రాంతంలో ఉగాది మర్నాడు హొసతొడకు, మాంసం వండుకునే రోజు. ఆ సీమలో పుట్టిన తెలుగువాడికి ఉగాది అంటే రెండు రోజులు. కవితలో మాత్రం మొదటి రోజే వుంటుంది, రెండో రోజు వాసనైనా తగలదు. షోలాపూరు వీధిలో వెదురు కర్రకు పట్టుగుడ్డ కట్టి చెంబు బోర్లించిన గుడి ప్రతి ఇంటి ముందూ లేస్తుంది. ఆ కింద నిలబడి మన కవి మామిడి తోరణాన్నే చూస్తాడు.

తమకు ఈ చిక్కేమీ లేదని యానాం మిత్రులు అనవచ్చు. చుట్టూ గోదావరి జిల్లాయే, పండగా అదే రోజు, పచ్చడీ అదే. నిజమే. వాళ్ళ మాట ఇప్పుడే వస్తుంది.

2020 ఉగాది తేదీ గుర్తు చేసుకోండి. మార్చి 25. ముందురోజు రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో కనిపించి ఆ అర్ధరాత్రి నుంచి ఇరవైయొక్క రోజులు దేశం మొత్తం తలుపులు మూసుకోవాలన్నారు. అది ఫాల్గుణ అమావాస్య, వికారికి ఆఖరి రాత్రి. తెల్లవారితే శార్వరి. ఇరవైయొకటో రోజు ఏప్రిల్ 14. ఆ పొద్దునే ఆయన మళ్ళీ కనిపించి గడువును మే 3 దాకా పొడిగించారు. అది తమిళుల వరుషప్పిరప్పు, ఒడియావారి పణా సంక్రాంతి వేళ. మొదటి లాక్‌డౌన్ సరిగ్గా మన సంవత్సరాదికీ పొరుగువాడి సంవత్సరాదికీ మధ్యనున్న సందులో ఇమిడిపోయింది. ఇలాంటి ఏడాది నూరేళ్ళకొకసారి కూడా రాదేమో. రెండు పండగల మధ్య బతికే జనానికి ఇంతకన్నా పెద్ద వస్తువును కాలం చేతికివ్వదు.

మనం రాసిందేమిటి? శార్వరి అంటే రాత్రి. రాత్రి తరువాత తెల్లవారుతుంది. ఇంకేం కావాలి, శ్లేష దానంతటదే వచ్చి ఒళ్ళో కూర్చుంది. నా కంటబడిన శార్వరి కవితల్లో నూటికి తొంభై ఆ చీకటి-వెలుగుల మీదే నడిచాయి. మహమ్మారి అన్నారు, మానవత్వం అన్నారు, దీపం అన్నారు. అబద్ధమని కాదు. మనకు జరిగిందేమిటో అందులో లేదు.

మనకు జరిగింది ఇది. అంతకుముందు రాష్ట్రాల మధ్య గీత మన ఇళ్ళలో వుండేది కాదు, పటంలో వుండేది. హోసూరులో కాపురం, బెంగుళూరులో కొలువు వున్నవాడికి అత్తిబెలె దాటడమంటే బస్సులో ఒక కునుకు. ఆ వసంతంలో అది పాసు వుంటేనే దాటే గీతయింది. బరంపురంలో కూతురు, ఇచ్ఛాపురంలో తల్లి. నడుమ గిరిసోల గేటు. ఇక యానాం. గోదావరి జిల్లా చేతిలో మారేడు పండులా వున్న ఆ ఊరు ఎన్నడో 1954లో ఫ్రెంచివాళ్ళు పోయాక మరచిపోయిన తన ఎల్లను మళ్ళీ చూసుకుంది. అవతల మార్కెట్టు, అవతల ఆసుపత్రి, అవతల వియ్యంకులు. ఒకే భాష, ఒకే పండగ, ఒకే రోజు, అయినా మధ్యలో గేటు. మనం ఎవరి పరిపాలనలో వున్నామో, చావుబతుకుల వేళ ఎటువైపు లెక్కలోకి వస్తామో ఆ మూడు వారాల్లో ప్రతి ఇంటికీ తెలిసింది. విశాఖలోనో, వరంగల్లులోనో వున్నవాడికి ఆ గేటు ఇంతగా తగిలి వుండదు. అది మన అనుభవం, అయిదు రాష్ట్రాలలో చెదిరి వున్న మనవాళ్ళందరిదీ. పోయిన యాభై ఏళ్ళలో మనందరికీ ఒకేసారి కలిగిన అనుభవం అదొక్కటేనని కూడా అంటాను.

అది కవితలోకి ఎందుకు రాలేదు? ఒక కారణం చాలా చిన్నది, కాని అసలైనది. ఉగాది కవిత ఉగాదికి ముందే రాసెయ్యాలి. ప్రత్యేక సంచికకు నెల ముందు పంపాలి, సమ్మేళనానికి వారం ముందు చూపించాలి. అంటే ఏడాది ఇంకా నడుస్తుండగానే అయిపోయినట్టు రాయాలి. 2020లో చాలా కవితలు మార్చి మొదటివారంలోనే తయారయి వున్నాయి. తరువాత దీపం ఒకటి అతికించారు. అతుకు కనిపిస్తూనే వుంది.

రెండో కారణం పెద్దది. మనం ఆ రోజు ‘మనం’ అన్నప్పుడు ఆ మాటలో మనం వుండం. రేడియో కవి సమ్మేళనాల నుంచి, అక్కడి దినపత్రికల ఉగాది అనుబంధాల నుంచి నేర్చుకున్న ‘మనం’ అది. అందులో కృష్ణ, గోదావరి పారతాయి. పాలారు, తుంగభద్ర, వంశధార పారవు. వంశధార కొసన తెలుగునేలలోనే సముద్రంలో కలుస్తుంది గదా, అయినా మన కవితకు పనికిరాలేదు.

మరి మన అనుభవం ఎక్కడా అక్షరం కాలేదా? అయింది. పొరుగు భాషల్లో అయింది. ఈ మాట కొందరికి రుచించదని తెలుసు.

కన్నడంలో ద.రా. బేంద్రే ఉగాది పాట తెలియని తెలుగు పిల్లలు బెంగుళూరులో, బళ్ళారిలో వుండరు. 1963లో కులవధు సినిమాలో ఎస్. జానకి పాడారు. ఆమె గుంటూరు జిల్లా ఆడపడుచు. బేంద్రే ఇంటిభాష మరాఠీ. మరాఠీ ఇంట్లో పుట్టినవాడు కన్నడంలో రాస్తే తెలుగు గొంతు పాడిన పాట కర్ణాటకానికి ఉగాది గీతమైంది. దేశాభిమానులు దీంతో ఉపన్యాసం చెప్పుకోవచ్చు, నాకు కావలసింది వేరు. ఆ కవితలో కూడా చివుళ్ళున్నాయి, పూలున్నాయి, తుమ్మెదలున్నాయి. మన కవితలో వున్న సరుకంతా వుంది. అయితే బేంద్రే దీవించడు. ఏటేటా మళ్ళీ పుట్టే అదృష్టం చెట్టుకుండి మనిషికెందుకు లేదని తగవుకు దిగుతాడు. పండగ ముంగిట నిలబడి పోయినదాని గురించి అడుగుతాడు. ఆ ప్రశ్న భాష తెలియనివాడికి కూడా తగులుతుంది, ఎందుకంటే ఏడాది అయిపోయిందన్న సంగతి అందరికీ జరిగినదే. శుభాకాంక్ష పుచ్చుకున్నవాడు తిరిగి మీకూ అని ఊరుకుంటాడు. తగవైతే ఎవరి మట్టుకు వారు జవాబు వెతుక్కోవాలి. ఆ పాట బతకడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

తమిళంలో కి. రాజనారాయణన్ సంగతి ఇంకా మన గుండెకు దగ్గరది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఆయన ఊరు, ఇంట్లో మాట తెలుగు. 1976లో వచ్చిన గోపల్ల గ్రామం మన దక్షిణపు వలస కథ. దాని కొనసాగింపు గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021 మేలో పుదుచ్చేరిలో కన్నుమూశారు. ఆ నవలలో మంగత్తాయారు అనే పండుముసలి వుంటుంది. తెలుగుసీమ నుంచి తమవాళ్ళు ఎందుకు పరుగెత్తారో, చెన్నాదేవి అనే పిల్లను పాలకుడి కన్నునుంచి దాచడానికి ఊరంతా ఎలా కదిలిందో, నది అడ్డొస్తే చెట్టు వంగి ఎలా దాటించిందో, అడవికి నిప్పు పెట్టి నల్లరేగడిని ఎలా సాగులోకి తెచ్చారో ఆమె చెబుతుంది. ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుని వింటారు.

చెట్టు వంగడం నమ్మదగ్గది కాదనే విమర్శకులుంటారు. నవలకు కావలసింది ఆ నిజం కాదు. ఆ చెట్టు మీదుగా ఒక్కడు దాటలేదు, అందరూ దాటారు. అందరూ దాటారు కాబట్టి అందరికీ అదే జ్ఞాపకం. దాన్ని చెప్పుకుంటున్నంతసేపూ వాళ్ళొక ఊరు. కి.రా. ‘మనం’ అనే మాటను ఎక్కడినుంచో అరువు తెచ్చుకోలేదు. ముసలమ్మ గొంతులోంచి తీశాడు. ఆ తమిళం మధ్య అమ్మమ్మల తెలుగు తచ్చాడుతూనే వుంటుంది, పేర్లు మనవి, పౌరుషాలు మనవి, మూఢనమ్మకాలు కూడా మనవే. కరిసల్ నేల పలుకుబడికి ఆయనే నిఘంటువు కూర్చాడు. నేల మాట పట్ల అంత శ్రద్ధ వున్న మనిషి.

తెలుగువాడై వుండి తమిళంలో రాశాడేమిటని మన సభల్లో నిష్ఠూరంగా మాట్లాడడం విన్నాను. నాకు ఆ నిష్ఠూరం అర్థం కాదు. బడి తెలుగు ఆయనకు దొరకలేదు, చేతికి దొరికిన అక్షరంలో రాశాడు. తెలుగు అక్షరం దొరికిన మనం ఏం రాశామన్నది అడగాల్సిన ప్రశ్న. ఆయన కథలోని వలస మనది, అక్షరం తమిళానిది. మన ఉగాది కవితలో అక్షరం మనది, అనుభవం ఎవరిదో. ఈ రెంటిలో ఏది ఎక్కువ తెలుగో నేను తేల్చలేను, కాని ఏది ఎక్కువ మనదో సందేహం లేదు.

తెలుగులో ఇది సాధ్యం కాదని మాత్రం అనకూడదు. స.వెం. రమేశ్ ప్రళయ కావేరి కథలు ఎదురుగా వున్నాయి. పులికాట్ సరస్సు మీది దీవుల బతుకు, తాతా మనవల మాట, తినే తిండి, ఎండాకాలపు నీళ్ళు, అన్నీ ఆ తీరపు తెలుగులోనే వున్నాయి. మొదట నాలుగు పుటలు తడుముకుంటాం, తరువాత మాటలే చేయి పట్టుకుని తీసుకుపోతాయి. సరస్సు ఒడ్డు మాటల్ని ‘ప్రామాణికం’ చేసి వుంటే ఆ కథలు ఇంత నిలిచేవా?

మన కవులకు ఈ ధైర్యం చాలడం లేదు. ఇంట్లో మాట్లాడేటప్పుడు మన తెలుగులో అరవం, కన్నడం, ఒడియా, మరాఠీ కలిసిపోయి వుంటాయి. కవిత రాసేటప్పుడు వాటిని రాళ్ళేరినట్టు ఏరేసి ఆమని, కిసలయం, పికము వేస్తాం. పికము అని మనలో ఎవరూ ఎప్పుడూ పిలవలేదు, ఆ పిట్టకు కూడా తెలియదు. అక్కడివాళ్ళు మన తెలుగును చూసి నవ్వుతారని భయం. నవ్వుతారు కూడా, కాదనను. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు ఆ పోరాటాన్ని నడిపింది పర్లాకిమిడి నుంచి. బడిలో చెప్పే తెలుగుకీ పిల్లల నోట వుండే తెలుగుకీ ఎంత దూరముందో ఆయన అక్కడ మాస్టరుగా వుండి చూశారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయాక ఆయన ఊరు విడిచి వచ్చేశారు. ఆయన భాషావాదం అంచుల్లో పుట్టిందని తెలుగు రాష్ట్రాలు ఏటా ఆగస్టు 29న జయంతి చేసేటప్పుడు గుర్తుంచుకోకపోవచ్చు. అంచుల్లో వున్న మనమూ మరిచిపోతే ఎలా?

ఇదంతా చదివి ఉగాది కవితలు మానేయమంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కోయిల మీద నాకు పగ లేదు. నాకు చదవాలని వున్న కవితలు కొన్ని వున్నాయి. వేపపువ్వు పచ్చడి పట్టుకెళ్ళిన గిన్నె పక్కింట్లోనే వుండిపోయి మూడు వారాలకు మామిడికాయ పచ్చడితో తిరిగొచ్చిన సంగతి. గిరిసోల గేటు అవతలా ఇవతలా నిలబడి మాట్లాడుకున్న తల్లీకూతుళ్ళ సంగతి. హొసతొడకు నాటి కూర సంగతి. ధాత అన్న మాట వినగానే ఏ ఇంట్లోనైనా ముసలివాళ్ళు ఇంకా ముఖం తిప్పుకుంటారేమో, ఆ సంగతి. వీటిలో దీవెన వుండనక్కర్లేదు. వుంటే అభ్యంతరమూ లేదు.

సంపాదకులకు ఒక సూచన. మన పత్రిక ఉగాది సంచికను ఉగాదికి కాకుండా ఏప్రిల్ 14 దాటాక తెద్దాం. రచనలు పంపడానికి ఆఖరు తేదీ ఉగాది తరువాతే పెడదాం, అప్పుడు ఏడాది అయిపోయాకే రాయాల్సి వస్తుంది. ఇంట్లో ఏడాదీ, వీధిలో ఏడాదీ రెండూ చూసి రాయవచ్చు. ఆలస్యమైందని చందాదారులు ఉత్తరాలు రాస్తారు. మన పత్రిక ఏ సంచికైనా సమయానికి వచ్చిందని వాళ్ళెవరూ ఇంతవరకు అనలేదు కాబట్టి ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.